బాయిలర్ వెనక సీసా

టోర్కిల్ బ్రోగార్ మొండిమనిషి. ఓడెన్సే దగ్గర మా ఎంజైముల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు బాక్టీరియాను పెంచాడు. పందుల కొట్టం మట్టిలోంచి తనే ఏరి తెచ్చిన ఒక బాక్టీరియా మీద ఆయన మమకారం చూస్తే నాకు ఒళ్లు మండేది. అది చేసే ఎంజైము రక్తం, గుడ్డు, చెమట మరకల్ని ఇట్టే తినేస్తుంది. చిక్కల్లా ఒకటే, బట్టలుతికే ద్రవంలో కలిపాక అది నిలవుండాలి. మా లాబ్‌లో, తొందరగా పాతబడేలా వేడి అలమరాలో పెట్టి చూస్తే, ఆరు వారాలకే సగం చచ్చింది.

"మీ వేడి అలమరా అబద్ధాలాడుతోంది," అన్నాడు టోర్కిల్. "మా ఇంట్లో ఏడాది నిలుస్తుంది, చూస్తూండు!"

అన్నంత పనీ చేశాడు. ఇంటి నేలమాళిగలో బాయిలర్ వెనక, ఆ ఎంజైము కలిపిన ద్రవం ఒక సీసాడు పెట్టాడు. దాని మీద పేరు రాయలేదు, నంబరు వేశాడు. మా వాళ్లందరి జబ్బే అది. ఏడాది నిలిచిందని రుజువైతే ఆయన బాక్టీరియా బజారుకెక్కుతుంది. లేదంటే ఆయన రిటైరయ్యేలోపే శాశ్వతంగా ఫ్రీజర్‌లోకి పోతుంది.

ఏడాది నిండటానికి ఇంకో వారం ఉందనగా కూతురు టీరా వచ్చింది. తల్లి రాగ్నా పోయి మూడేళ్లు. ఆవిడ అల్లిన బూడిదరంగు స్వెటర్‌ని తండ్రి ఎవరినీ ఉతకనివ్వడు. ఆయన కోపెన్‌హేగన్ వెళ్లిన రెండు రోజులూ దాన్ని బకెట్‌లో నానేసింది టీరా, ఆ సీసా మొత్తం ఒంపి మరీ. ఉన్ని కూడా ఆ ఎంజైముకి తిండే. మోచేతులు, ఛాతీ జల్లెడైపోయాయి.

"తిట్టు నాన్నా! సబ్బునీళ్లే అనుకున్నా, నాకేం తెలుసు!"

"నీళ్లు ఎంత వేడి?"

"చల్లనీళ్లే!"

"చల్లనీళ్లలోనే ఇంత పని చేసిందా! బతికే ఉందే తల్లీ!" అని గంతేశాడట. తర్వాత స్వెటర్ చేతిలోకి తీసుకుని, వంటింటి నేల మీద కూలబడి భోరుమన్నాడట. టీరాయే నాకు చెప్పింది.

సీసా ఖాళీ. ఇక మిగిలిన రుజువు స్వెటరే. మా లాబ్ పద్ధతి మారదు: రుజువుగా వచ్చిన గుడ్డని నాలుగువేళ్ల వెడల్పు ముక్కలుగా కోస్తాం, నంబరు వేస్తాం, తిరిగి ఇవ్వం.

శుక్రవారం మీటింగ్‌కి టోర్కిల్ ఆ స్వెటర్ తొడుక్కునే వచ్చాడు.

"ఇంట్లో సీసా ఏమైంది?" అడిగాడు మా చీఫ్ మాల్టె.

చెప్పెయ్ ముసలోడా, చెప్పెయ్, అనుకున్నాను.

"చచ్చింది," అన్నాడు.

మాల్టె ఫైలు మూసేశాడు. ఎంజైముల్లో డాక్టరేట్ చేసిన మహానుభావుడు, కాఫీ పోస్తూ ఆ మోచేతి చిల్లులు చూసి తెగ నొచ్చుకున్నాడు.

"అయ్యో, చిమటలు కొట్టేశాయే! కలరా ఉండలు పెట్టుకోవచ్చుగా టోర్కిల్?"

"పెట్టుకుంటాలే," అన్నాడు టోర్కిల్.