వదిన డోనట్లు, నా నిప్పులు

మా వదిన నన్ను నలుగురి ముందర నవ్వులపాలు చేసిన కాడికెళ్లి పదకొండు నెలలు నేను ఆమె కోసం ఎదురుచూసిన. ప్రేమతోని కాదు. కడుపుతోని ఉన్నప్పుడు గూడ అంత ఓపికగ నెలలు లెక్కపెట్టలే.

వదిన అంటే మా ఆయనకు అక్క. ఆమె ఉండేది పట్నంల. మేము వనపర్తిల అత్తగారింట్లనే ఉంటిమి. మా అత్త అప్పటికే పోయింది. ఇంట్ల మా మామ, మా ఆయన, నేను, మా బిడ్డ. వదిన ఎండాకాలం సెలవులల్ల పుట్టింటికొచ్చి వారం పది రోజులుండి పోతుండె. ఆ ఏడాది బస్సుల ఒడిల పెట్టుకొని ఒక గుండ్రటి కరెంటు ఓవెన్ తెచ్చింది. సత్తు గిన్నె లెక్క ఉంటది, మీద మూతకు అద్దం, లోపల చిన్న చిన్న గుంతలున్న తట్ట.

"రేపు నాస్తాకు డోనట్ ఉండలు చేస్త," అన్నది.

"డోనట్ అంటే ఏంది వదినా?"

"మన గారెకు పొక్క ఉండదా? గట్లనే మైదాతోని తియ్యగ చేస్తరు. ఆ నడుమ పొక్కల నుంచి తీసిన ముద్దనే ఈ ఉండ."

"గారెకు వేలు పెడితే పిండి పక్కకు జరుగుతది గనీ ఊడి బయటికి రాదు గద వదినా! మీ పట్నపోళ్లు పొక్కను గూడ విడిగ వండుకొని తింటరా?" అన్న.

మా మామ పకపక నవ్విండు. వదిన నవ్వలే. నా మీద ఆమె కోపం ఆడనే మొదలైందేమో.

తెల్లారి చేసింది. చుక్క నూనె లేకుంట కాల్చి, నెయ్యిల ముంచి, చక్కెర పొడిల పొర్లించింది. మంచిగున్నయి, అబద్ధమెందుకు చెప్పాలె. మా బిడ్డకు అప్పుడు ఏడేండ్లు. పొద్దుగాల ఏం పెట్టినా తినని పిల్ల. ఉప్మా చూస్తె మొఖం తిప్పుకుంటది. రొట్టె ముక్క బుగ్గల పెట్టుకొని అట్లనే బడిదాంక పోతది. అసొంటి పిల్ల ఆ దినం ఏడు ఉండలు తిన్నది. నాకు పానం లేచొచ్చింది.

"జర నాకు గూడ చెప్పు వదినా," అని వెంటబడ్డ.

ఆమె పర్సుల నుంచి మడత కాయితం తీసింది. టీవీల చూసి తన చేతితోని రాసుకున్నదట. వేలు పెట్టి చదివింది. "రెండు గ్లాసుల మైదా. గ్లాసు చక్కెర. నాలుగు చెంచాల వెన్న. గ్లాసు పాలు. యాలకుల పొడి. చిటికెడు ఉప్పు. కలిపి గుంతలల్ల పెట్టి కాల్చుడే."

"ఇంతేనా?"

"ఇంతే."

రెండు దినాలకు నాగర్‌కర్నూల్ నుంచి మా మామ తమ్ముడు, ఆయన భార్య వచ్చిండ్రు. నాస్తా నేనే చేస్త అన్న. వదిన చెప్పింది చెప్పినట్లే కలిపి ఆమె ఓవెన్‌లనే పెట్టిన. బయటికి తీస్తె గులకరాళ్లు. ఇంట్ల చుట్టాలు కూసున్నరు, వేరే ఏం చేసేటందుకు టైం లేదు. అవే పెట్టిన. చిన్నమామ ఒకటి కొరికిండు. ఆయన కట్టుడు పన్ను ఊడి చేతిల పడ్డది.

"ఏం పిల్లా," అన్నది వదిన అందరి ముందర, "ఇవి తినేటందుకా, వడిసెలల పెట్టి చేన్ల పిట్టలను కొట్టేటందుకా?"

అందరు నవ్విండ్రు. మా ఆయన గూడ నవ్విండు.

"నాలుగో తరగతి చదువుకు గివన్ని యాడొస్తయి? నువ్వు జొన్నరొట్టె కొట్టుకో, చాలు."

అంతటితోని ఊకుంటే మర్చిపోదును. నవ్వు ఆగినంక మా మామ దిక్కు తిరిగి అసలు మాట అన్నది. "నాయినా, మీ మనుమరాలిని నాతోని పంపుండ్రి. నా కొడుకులిద్దరు హాస్టల్ల ఉన్నరు, ఇల్లు ఖాళీ. మంచి బడిల వేస్త. ఈమె చేతి తిండి తిని చూడుండ్రి, పుల్ల లెక్కయ్యింది."

మా మామ తలూపిండు. "ఈ ఏడు చిన్నది. వచ్చే ఎండాకాలం తీస్కపో బిడ్డా," అన్నడు. మా ఆయన తల వంచుకొని చాయ తాగిండు. కన్నదాన్ని, నన్ను ఒక్కరు అడగలే.

పక్కింటి సాయబులామెను నేను ఖాలా అంట, పిన్ని అన్నట్లు. ఆమె ఆ గట్టి ఉండ ఒకటి చేతిల పట్టుకొని చూసింది. "పొంగేటందుకు సోడా వెయ్యలేదా బేటీ?"

"చెప్పలే ఖాలా."

"మర్చిపోయిందేమో, పాపం."

మర్చిపోలే. నాకు చదివిన అక్షరం మతిల నుంచి పోతది గనీ కండ్లతోని చూసింది, చెవులతోని విన్నది పోదు. వదిన చదువుతుంటే ఆమె వేలు వరుస వరుసకు కిందికి జరుగుతుండె. పాలు అన్నంక వేలు ఒక వరుస మీద ఆగింది. ఒక్కసారి నా మొఖం చూసింది. వేలు కిందికి జరిగింది, నోరు కదలలే. మల్ల యాలకుల కాడ మాట మొదలుపెట్టింది. ఇది మతికొచ్చిన దినం నేను బియ్యం చెరుగుతున్న. చాట పక్కన పెట్టి గోడకు ఆనుకొని కూసున్న. నా బిడ్డను తీస్కపోనీకె చిటికెడు సోడా దాచింది. సరే వదినా, అనుకున్న. రా నువ్వు.

ఆమె ఓవెన్ ఆమెనే తీస్కపోయింది. నేను గద్వాలకు పోయి మా అమ్మ పొంగనాల పెనం అడిగి తెచ్చుకున్న. మా అమ్మది అటు రాయచూరు దిక్కు, దాన్ని పడ్డు పెనం అంటది. బరువైన ఇనుప పెనం, ఏడు గుంతలు. బిడ్డ బడికి, మా ఆయన దుకాణానికి పోయినంక, మామ అరుగు మీద కునుకు తీసేటప్పుడు, పెరట్ల బొగ్గుల కుంపటి ముట్టిస్తుంటి. మొదలు కింద మాడి పైన పచ్చిగ ఉండె. తిప్పేస్తె చెదిరిపోతుండె. మాడినయన్ని ఖాలా మేక తిన్నది. అది నన్ను చూస్తె చాలు, గోడ మీది నుంచి తల పెడుతుండె.

ఖాలానే ఒకనాడు చెప్పింది. "బిర్యానీకి దమ్ వేస్తం గద బేటీ? మూత మీద నిప్పులు పెట్టు. కింద తక్కువ, మీద ఎక్కువ."

పెట్టిన. పాలల్ల జర పెరుగు కలిపి, తినే సోడా వేసిన. మూత తీస్తె ఉండలు పొంగి, నెత్తి ఎర్రగయ్యి, మెత్తగ వచ్చినయి. నాకు ఏడుపొచ్చింది. కానీ ఇంట్ల ఎవరికీ పెట్టలే, నా బిడ్డకు గూడ పెట్టలే. పెట్టి ఉంటె అప్పుడే ఊరంత తెలుస్తుండె. ఆకలి కాకముందే వడ్డిస్తె అన్నానికి విలువుండదు, పగ గూడ అంతే. ఏడుపు మింగి అవి గూడ మేకకే వేసిన.

ఎండాకాలం వచ్చింది, వదిన వచ్చింది, ఓవెన్ వచ్చింది. ఈసారి ఒక్క రాత్రికే, పిల్లను తీస్కపోనీకె. బిడ్డ బట్టలు సంచిల సదిరిండ్రు. పోయే దినం పొద్దుగాల చిన్నమామ వాళ్లు గూడ వస్తమన్నరు. "నాస్తా నాది," అన్నది వదిన. "పిల్లకు ఇష్టమైనవి చేసి పెట్టి తీస్కపోత."

ముందు దినం పొద్దుమీకి నన్ను అడిగింది. "కరెంటు ఎప్పుడు పోతది పిల్లా?"

ఆ ఎండాకాలం మాకు పొద్దుగాల రెండు గంటలు కోత. పదిహేను రోజులకొకసారి టైం మారుతుండె. ఆ సంగతి మాకు ఉప్పు పప్పు లెక్క. పట్నంల ఉండేటామెకు ఏం తెలుస్తది?

"ఇన్ని దినాలు ఎనిమిదికి పోతుండె వదినా," అన్న.

అబద్ధం కాదు. ఇన్ని దినాలు ఎనిమిదికే పోతుండె. తెల్లారి నుంచి ఆరుకు పోతదని నాకెరుకే. ఆమె నాకు ఒక మాట తక్కువ చెప్పింది, నేను ఆమెకు ఒక మాట తక్కువ చెప్పిన.

ఆరుకు జర ముందుగాల చుట్టాలు దిగిండ్రు. వదిన పిండి గుంతలల్ల పోసి మూత పెట్టింది. పిండి అప్పుడప్పుడే పొంగుతుండంగ ఫ్యాను ఆగింది. ఓవెన్ మీది ఎర్ర దీపం ఆరింది. వదిన స్విచ్చి ఏసింది, తీసింది. "ఏందిది, ఆరుకే పోయింది?"

"టైం మారినట్లుంది వదినా."

"మల్ల ఎప్పుడొస్తది?"

"ఎనిమిదికి."

ఏడున్నరకు బస్సు. వదిన మొఖమంత చెమటలు. పొంగిన పిండి అద్దం కింద కుంగుతుంటే నేను కండ్లార్పకుంట చూసిన. ఆమె పొయ్యి మీద పెడదామంటే సత్తు ఓవెన్‌కు అది పనికిరాదు. చిన్నమామ, "ఏమైంది బిడ్డా, ఈసారి పన్ను ఇంట్లనే పెట్టొచ్చిన!" అంటుండు.

నేను పెరట్లకు పోయిన. బొగ్గులు ఐదున్నరకే రాజేసి పెట్టిన. పిండి బావి గట్టు మీద గుడ్డ కింద తయారుగుంది. పావుగంటల మొదటి పెనం దింపిన, ఇంకో పావుగంటల రెండోది. నెయ్యి, చక్కెర పొడి. పళ్లెంల పోసి నడింట్ల పెట్టిన.

బిడ్డ ఒకటి తిన్నది. రెండోది తిన్నది. "అమ్మా, ఇవి అత్త చేసినవాటి కంటే మెత్తగున్నయి."

"నా దగ్గర నేర్చిందే," అన్నది వదిన గబుక్కున.

అగ్గో, ఆ మాట కోసమే నేను ఏడాది కాచుకున్న.

"అవును మామా, వదిననే చెప్పింది," అని ఆమె చదివిన మాటలు వరుస తప్పకుంట అప్పజెప్పిన. మైదా, చక్కెర, వెన్న, పాలు, యాలకుల పొడి, ఉప్పు. "వదినా, ఆ కాయితం నీ పర్సులనే ఉంటది గద. మామకియ్యి, చదువుతడు."

"ఇప్పుడెందుకు అదంత?"

"ఇయ్యి బిడ్డా," అన్నడు మామ.

అద్దాలు పెట్టుకొని చదివిండు. "పాలు అయినంక ఏమున్నది మామా?" అని అడిగిన.

"తినే సోడా, అర చెంచా," అన్నడు. కాయితం మడిచి వదిన చేతిల పెట్టిండు.

"తినేదాంట్ల గూడ మోసమా బిడ్డా?" అన్నడు. "మీ అమ్మ ఉంటే ఏమనునో." తరువాత నా దిక్కు చూడకుంట, "ఆ సంచి లోపల పెట్టుండ్రి. పిల్ల యాడికి పోదు," అన్నడు.

వదిన ఏడున్నర బస్సు ఒక్కతే ఎక్కింది. ఓవెన్ మా ఆయన మోసిండు. నేను గుమ్మం దాంక గూడ పోలే.

నేను అనుకోని సంగతి ఒకటి జరిగింది. మధ్యాన్నం బిడ్డ ఏడ్చింది. దానికి పట్నం చూడాలని ఉండెనట. ఏడాది పగ పట్టిన నేను దాన్ని ఒక్కమాట అడగలే. దగ్గరికి తీసుకుంటే చేతులు విదిలించింది. అయినా తప్పు చేసిన అనిపియ్యలే. నా ఇంట్ల ఏడువు బిడ్డా, అనుకున్న. నాకు వినపడేటట్లు ఏడువు.

వచ్చే ఏడు వదిన ఒట్టి చేతులతోని వచ్చింది. పొద్దుగాల బిడ్డ పక్కన పీట మీద కూసున్నది. నేను పెనం దింపి ఆమె పళ్లెంల నాలుగు ఉండలు వేసిన. తలెత్తకుంట తిన్నది. "చాలు," అని చెయ్యి అడ్డం పెట్టింది.

ఆ చెయ్యి పక్క నుంచి ఇంకో రెండు వేసిన.