వెనక్కి తీసుకున్న ప్రార్థన

నా చిన్నప్పుడు తెనాలిలో మా ఇంట్లో కుటుంబ ప్రార్థన అంటే ఇంటిల్లిపాదికీ కొంచెం భయం. సాయంత్రం అందరం చాపల మీద కూర్చుని కళ్ళు మూసుకునేవాళ్ళం. మా నాయనమ్మ ప్రార్థించేది. పాపాలు ఒప్పుకోవడంలో ఆవిడ ఏ లోటూ చేసేది కాదు. ఒప్పుకునేవి మాత్రం మా పాపాలు. బాబాయి సైకిలు ఎవరి వీధిలో ఆగిందో, నేను లెక్కల పుస్తకం మధ్య ఏం పెట్టుకుని చదివానో ప్రభువుకి రోజూ కబురు అందేది. కళ్ళు మూసుకుని ఉన్నవాళ్ళకి ఎదురు చెప్పే వీల్లేదు. చివర్లో ఆమేన్ అనక తప్పదు.

ఒక ఏడు వానాకాలంలో బాబాయికి పెళ్ళయి, బాపట్ల నుంచి పిన్ని కాపురానికి వచ్చింది. కొద్ది రోజులకే వంటింటి జాడీలో ఆవకాయకి బూజు పట్టింది. ఇది చిన్న విషయం కాదు. నాయనమ్మ ఆవకాయ పాళ్ళు చెబుతుంటే చర్చి ఆడవాళ్ళంతా చుట్టూ చేరేవారు. పాస్టరుగారి ప్రసంగాన్ని కూడా వాళ్ళు అంత శ్రద్ధగా వినడం నేను చూడలేదు. అలాంటి ఆవకాయ చెడిందంటే ఎవరో చెడగొట్టి ఉండాలి. ఇంట్లో కొత్త మనిషి పిన్ని ఒక్కతే.

ఆ సాయంత్రం పిన్ని వాళ్ళ నాన్న కూతుర్ని చూసి పోదామని వచ్చి, మాతో పాటు ప్రార్థనలో కూర్చున్నాడు.

“ప్రభువా, తడి గరిటె జాడీలో పెట్టకూడదన్న జ్ఞానం మా కొత్త కోడలికి దయచేయి. పుట్టింట్లో ఎవరూ నేర్పలేదు తండ్రీ,” అంది నాయనమ్మ.

అందరం ఆమేన్ అన్నాం. ఆయన కూడా అన్నాడు. మర్నాడు టిఫిన్ ముట్టకుండా బాపట్ల వెళ్ళిపోయాడు. పిన్ని జాడీ వైపు వెళ్ళడం మానేసింది. తర్వాత అన్నం తినడం కూడా తగ్గించింది.

క్రిస్మస్ చుట్టాల కోసం వేసవిలోనే మూతికి గుడ్డ కట్టి దాచిన చిన్న జాడీ ఒకటి ఉంది. పిన్ని మా ఇంటికి రాకముందు కట్టిన గుడ్డ అది. ఒక ఉదయం నాయనమ్మ దాన్ని విప్పింది. లోపల అదే బూజు. బూజు పక్కకి తోసి, అడుగు నుంచి కాస్త తీసి నాలిక మీద వేసుకుంది.

“ఉప్పు చాల్లేదు,” అంది.

“పారబోసెయ్యవే. ఎవరికి తెలుస్తుంది?” అన్నాడు తాతయ్య. ఆయనది శాంతస్వభావం.

నాయనమ్మ తిన్నగా పిన్ని దగ్గరికి వెళ్ళి చెప్పేసింది. పిన్ని కంగారుపడి, “పర్లేదులెండి అత్తయ్యా,” అంది.

“నీకు పర్లేదేమో. మీ నాన్న చేత ఆమేన్ అనిపించానమ్మా.”

ఆ పూటే నన్ను వెంటబెట్టుకుని బాపట్ల రైలెక్కింది. మగపిల్లాడి తల్లి పిలవకుండా కోడలి పుట్టింటికి వెళ్ళిందంటే ఆ రోజుల్లో అది ఫిర్యాదుకే. గుమ్మంలో మమ్మల్ని చూడగానే ఆయన మొహంలో నెత్తురు లేదు.

“మా అమ్మాయి ఏం చేసిందండీ?” అన్నాడు, కూర్చోమనడం కూడా మరిచి.

“అన్నయ్యగారూ, ప్రార్థన చేసుకుందామండి.”

ఆయనకి మా నాయనమ్మ ప్రార్థన సంగతి తెలుసు. ఇంకాస్త బెదిరాడు.

ఆవిడ గచ్చు మీద మోకరించింది. నేను అలవాటుగా ఒక కన్నే మూశాను. అందుకే చూడగలిగాను. నాయనమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆయన మొహంలోకే చూస్తోంది.

“ప్రభువా, ఆ రోజు ఈయన వింటుండగా నీకు అబద్ధం చెప్పాను. ఉప్పు తక్కువ వేసింది నేను. నా గొప్ప పోతుందని ఈయన బిడ్డ మీదకి నెట్టాను. నన్ను క్షమించు. మీరూ క్షమించండి అన్నయ్యగారూ.”

“అయ్యో, లేవండమ్మా! మగపిల్లాడి తల్లి మీరు...”

“ముందు ఆమేన్ అనండి.”

ఆయన ఆవిడకి ఎదురుగా మోకాళ్ళ మీద కూలబడి, కండువాలో మొహం దాచుకుని, ఆమేన్ అన్నాడు. నేను రెండో కన్ను కూడా తెరిచేశాను. దేవుడు ఆ గదిలోనే, బాగా దగ్గర్లో ఉన్నట్టు అనిపించింది. తగులుతాయేమోనని కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను.

ఇప్పుడు నాకు అప్పటి ఆవిడ వయసు దాటింది. రోజూ సాయంత్రం నా తప్పులు నేనే చెప్పుకుంటాను. దేవుడితో పని తొందరగానే తెములుతుంది. ఆయన మొదటి నుంచీ దయగలవాడు. చిక్కల్లా మనుషులతోనే. ఎవరి ముందు నోరు జారానో ఆ మొహం వచ్చి ఎదురుగా నిలబడుతుంది. పొద్దుపోయింది కదా, మోకాళ్ళ నొప్పులు కదా, ఫోన్ చేస్తే చాలదా ప్రభువా అని అడుగుతాను. ఆ మొహం కదలదు. చెప్పులు వేసుకుంటాను.