రెండు పంటలూ ఒకే ఏడాది పోతే

మొన్న మధ్యాహ్నం పురానాపూల్ దగ్గర ఓ దుకాణం ముందు నూకల బస్తా విప్పారు. ఎండకు లేచిన ఆ పొడి వాసన తగలగానే రజియా మేడమ్ గుర్తొచ్చి నా అడుగు ఆగిపోయింది. ఎండలు ముదిరి, వానలు తప్పి, ధరలు ఎగబాకితే దేశానికి తిండి సరిపోతుందా అని అంచనా వేసే చిన్న కార్యాలయంలో ఆమె నా పై అధికారి. చేరిన కొత్తలో, పంట బాగా పండిన ఏడాది, ‘దేశం మొత్తానికి ధాన్యం చాలు’ అని రాసి చూపించాను. ఆమె అది చదివి, సాయంత్రం తాను పుట్టి పెరిగిన ఈ గల్లీకి నన్ను వెంటబెట్టుకొచ్చారు. ఇళ్లలో పనిచేసే యాదమ్మ అక్కడి దుకాణంలో బియ్యం ధర అడిగి, నూకలు కట్టించుకుంటోంది.

“పప్పు కొంటలేవా యాదమ్మా?” అన్నారు మేడమ్.

“పప్పు యాడిదమ్మా? ధర పెరిగినకాంచి పిల్లలకు గంజే పోస్తున్న.”

తిరిగి వస్తుంటే మేడమ్ అడిగారు: “గోదాములు నిండుగనే ఉన్నయి. నీ లెక్కల యాదమ్మ యాడుంది బిడ్డా?”

మర్నాడు ఇద్దరం కూర్చున్నాం. ఉత్తరాన గోధుమ వేడికి మాడి, అదే ఏడాది మన దగ్గర వరి ఎండితే ఏమవుతుందో లెక్క కట్టాం. తెరమీద పటంలో తిండి చాలని జిల్లాలు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. కార్వాన్‌లోని మా ఇల్లూ ఆ ఎరుపులోనే ఉంది.

“మీకు భయం వేయడం లేదా మేడమ్?”

“మస్తు భయమైతుంది. గందుకే ఇంకోపారి చూద్దాం పా.”

సమావేశంలో పెద్ద అధికారి మా నివేదికలో ఆ లెక్క ఉన్న పేజీ దగ్గర ఆగారు. “ఇది బయటికొస్తే జనం హడలిపోతారు. తీసెయ్యండి.”

మేడమ్ అడిగారు: “పేజీ తీస్తే ఎండ తగ్గుతుందా సార్?”

పేజీ పోయింది. ఆమెను వేరే విభాగానికి మార్చారు. కొన్నేళ్లకు ఉత్తరాన వేడి, ఇక్కడ కరువు రెండూ ఒకే ఏడాది వచ్చాయి, పూర్తిగా కాదు, సగం సగంగా. నిల్వలు దేశాన్ని గట్టెక్కించాయి. యాదమ్మ మాత్రం చిన్న కూతుర్ని బడి మాన్పించి పనికి తీసుకెళ్లింది. అప్పుడు ఆ పేజీ కావాలని పైనుంచి కబురొచ్చింది. అప్పటికే రిటైరైన మేడమ్, మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చి నా పక్కన కూర్చున్నారు. ముందే చెప్పానని దెప్పలేదు.

“గిది సగమే బిడ్డా. పూర్తిగ వస్తే?” అన్నారంతే. ఇద్దరం మళ్లీ లెక్క మొదలుపెట్టాం.

మేడమ్ కన్నుమూశారు. ఆ భయం మాత్రం నాతోనే ఉంది. దాన్ని పోగొట్టుకోవాలని నేనూ అనుకోవడం లేదు. సమావేశాల్లో ఎవరైనా ‘మొత్తం మీద పరవాలేదు’ అనగానే లేచి నిలబడతాను. ముందుగా పస్తుండేది ఎవరో చెప్పందే కూర్చోను.