మొదటి పరీక్షకే కోసిన పొట్టేలు

జడ్జి కావాలంటే మూడు పరీక్షలు దాటాలి. నల్లగొండ కోర్టులో నల్లకోటేసుకుని తిరిగే ఏ కొత్త వకీలును అడిగినా గుక్క తిప్పుకోకుండా చెప్తారు. మొదటిది స్క్రీనింగ్ టెస్టు. కంప్యూటర్ ముందు కూర్చుని, ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కడం. అది ఉత్త జల్లెడ, ఆ మార్కులు తర్వాత ఎందుకూ పనికిరావు. రెండోది అసలు పరీక్ష. సివిల్ చట్టాలు, క్రిమినల్ చట్టాలు, ఇంగ్లీషు, అన్నీ చేత్తో రాయాలి. అదీ గట్టెక్కితే పెద్ద జడ్జీల ముందు ఇంటర్వ్యూ. ఇంతే సంగతి. ఈ ఇంత సంగతి మా బాపుకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తెలంగాణ వచ్చిన తర్వాత కొన్నేళ్లకు, నేను కిరాయి గదిలో ఉండి ప్రాక్టీసు చేసుకుంటున్నప్పుడు, స్క్రీనింగ్ పాసయ్యాను. హాలియా అవతల మా ఊరికి ఫోన్ చేశాను. బాపు గొర్ల దగ్గరున్నాడు.

"బాపూ, పాసైన!"

"పాసైనవా బిడ్డా? అబ్బ! అబ్బ!"

ఇంకా రెండున్నాయని చెప్పేలోపే ఫోన్ చెవి నుంచి తీసేశాడు. "ఓ మామా! మా బిడ్డ జడ్జయింది!" అని ఎవరికో కేకేస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది. రేపు చెబుదాంలే అనుకుని పెట్టేశాను. ఆ రేపు రాలేదు. నిజం చెప్పాలంటే, రానివ్వలేదు.

ఆదివారం ఊరికి పోతే, వాకిట్లో మా మందలోకెల్లా పెద్ద పొట్టేలుకు స్నానం చేయించి పసుపు పూస్తున్నారు. నేను లా కాలేజీలో చేరిననాడే బాపు దాన్నిస్తానని మైసమ్మకు మొక్కుకున్నాడట. అప్పటికది పిల్ల. ఎందరు బేరమాడినా అమ్మలేదట. ఇప్పుడు బిడ్డ జడ్జయింది కాబట్టి మొక్కు తీర్చాలి. మా వంశం పాలోళ్లు, పక్కవాడ వాళ్లు, అందరూ వచ్చి కూర్చున్నారు. బాపు కొత్త తువ్వాల తలకు చుట్టుకుని, ఎన్నడూ లేనంత గట్టిగా మాట్లాడుతున్నాడు.

అప్పుడైనా చెప్పొచ్చు. పొట్టేలు ఇంకా నిలబడే ఉంది. "బాపూ, జర ఆగు" అంటే చాలు. కానీ ఎవరో నా మెడలో శాలువా వేశారు. ఒక పెద్దమ్మ నా బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. వరుసకు బావ అయ్యేవాడు అడిగాడు, "జడ్జమ్మా, ఏ ఊరి కోర్టుకు ఏస్తుండ్రు నిన్ను?"

"ఇంకా ఆర్డర్లు రాలే" అన్నాను.

ఎంత సిగ్గులేని మాట! చట్టం చదివినదాన్ని కదా, అబద్ధానికి కూడా నిజం బట్టలు తొడగడం వచ్చింది. ఆ రోజు అందరితో పాటు కూర్చుని నేను కూడా ఆ కూర తిన్నాను. మంచి ముక్కలన్నీ ఏరి నా ఇస్తట్లోనే వేశారు.

రాత పరీక్షకు పోయాను. నాలుగు జవాబుల్లో ఒకటి ఏరుకోవడానికి అలవాటుపడిన బుర్ర, తెల్లకాగితం చూడగానే బిగుసుకుపోయింది. సెక్షన్ నంబర్లు గుర్తొస్తున్నాయి, వాక్యం మాత్రం ముందుకు పోదు. సివిల్ పేపరులో చివరి ప్రశ్నలు ముట్టుకోనేలేదు. ఫలితాలు వచ్చిన రోజు నా హాల్‌టికెట్ నంబరు కోసం కిందికీ మీదికీ వెతికాను. లేదు.

మరునాడు ఊరికి పోయాను. బాపు దొడ్లో కూర్చుని ఒక గొర్రె గిట్టల మధ్య ఇరుక్కున్న ముల్లు తీస్తున్నాడు.

"బాపూ, నేను ఫెయిలైన."

"గదేంది? పాసైతివి గద?"

"అది మొదటి పరీక్ష బాపూ. మొత్తం మూడుంటయ్. రెండోదాంట్ల పోయింది."

ముల్లు తీసి పారేశాడు. గొర్రెను వదిలాడు. చాలాసేపు చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"మూడుంటయా... నువ్వు చెప్పే ఉంటవు బిడ్డా. నాకే సమజ్ గాలే. సదువురానోన్ని, పాసంటే పాసే అనుకున్న."

చెప్పలేదు బాపూ అనాలి. ముల్లు పడ్డ చోటే చూస్తూ నిలబడ్డాను. అతను లేచి, తువ్వాల భుజం మీద వేసుకుని బయటికి నడిచాడు.

"యాడికి?"

"తిన్నోళ్లకు చెప్పొస్త. వాళ్లకు ఇంకొకరి నోట తెలుసుడెందుకు? నువ్వు ఇంట్ల ఉండు."

ఇంట్లో ఉన్నాను. పక్కింటి గోడ పొట్టిది, అంతా వినబడుతుంది. "వదినే, మా బిడ్డ ఇంకా జడ్జి కాలే. దాని తప్పు లేదు. మూడు పరీక్షలుంటయంట, నాకెరుక లేక ఒక్కదానికే యాట కోసిన." తర్వాత దాని పక్క ఇల్లు. మళ్లీ అవే మాటలు. ఎవరి ముందూ తగ్గని మనిషి, గొర్ల బేరంలో దళారులనే గదమాయించే మనిషి, ఇంటింటికీ పోయి తనే తెలివితక్కువోడినని చెప్పుకుంటున్నాడు. నాకు ఒళ్లంతా మండింది. అతని మీద కాదు. చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాను.

నా బుగ్గలు నిమిరిన పెద్దమ్మ గడప దగ్గర బాపును అందుకున్నాను. బాపు అప్పుడే మొదలుపెట్టాడు. నేను మాటకు అడ్డొచ్చాను.

"బాపు తప్పేం లేదు పెద్దమ్మా. నేను చెప్పనేలే. యాట కోసేటప్పుడు గూడ నాకెరుకే."

పెద్దమ్మ నన్ను చూసింది, బాపును చూసింది. "పోనియ్ బిడ్డా, గిప్పుడేమైంది? మల్ల రాస్తవు" అంది. బాపు మాత్రం నా వైపు తిరగలేదు. తిడతాడని నిలబడ్డాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. గడప దిగి పక్కింటికి నడిచాడు. తల వంచుకుని నేనూ వెనకే పోయాను.

ఆ ఇంటాయన మంచం వాల్చి కూర్చోమన్నాడు. బాపు కూర్చోలేదు.

"మా బిడ్డ ఇంకా జడ్జి కాలే తమ్మీ" అన్నాడు. "దాని తప్పు లేదు. అది చెప్పింది. నాకే సమజ్ గాలే."