నెమలి నీలం కట్లపాము

గనులు సర్కారు చేతికి వచ్చాయి, తెల్లదొరలు వెళ్ళిపోయారు. వాళ్ళ పటాలు మాత్రం కోలారు బంగారు గనుల్లో గోడలకే ఉండిపోయాయి. మా కూలీల ఇళ్ళ లైన్ల దగ్గరి చిన్న ఆస్పత్రిలో ఉన్నవి పాముల పటాలు. ఏనాడో అచ్చువేసి, పొలుసు పొలుసుకూ కుంచెతో రంగు దిద్దినవి. ఎడమ వరస విషమున్నవి, కుడి వరస లేనివి. బడికి పోని నేను ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నది వాటి కింది పేర్లు చూసే. అందమంటే అందమే. కట్లపాముకు నెమలి మెడ నీలం వేశారు.

ఒకరోజు తెల్లవారుతూనే మా బావ, అక్క మొగుడు, పొయ్యిలోకి కట్టె తీయబోతే వేలికి ఏదో తగిలింది. చీమ కుట్టినంత కూడా లేదన్నాడు. కట్టెల సందున తెల్ల చారల నల్ల పాము కనిపిస్తే చంపి, మావాళ్ళంతా చేసేట్టే, దాన్ని కర్రకు వేలాడేసుకుని ఆస్పత్రికి వచ్చాడు. నేనూ వెంట వెళ్ళాను.

డాక్టరు ఆ పామును పట్టుకారుతో పట్టుకుని గోడ వెంబడి నడిచాడు. నీలం కట్లపాము పటం పక్కన పెట్టి చూశాడు. రంగు కలవలేదు. కుడి వరసలో మసి రంగు పాము ఒకటుంది, దానికీ తెల్ల చారలే. అక్కడ కలిసింది.

"విషం లేనిదప్పా ఇది. పో, పని చూసుకో."

"ఎందుకైనా మంచిది, విషానికి సూది వేసేయండి సార్," అన్నాను.

"ఊరికే వేస్తే సూదే మనిషిని చంపుతాది. పటం ఎదురుగానే ఉండాది, చూడు. కళ్ళు లేవా?"

కళ్ళు లేనిది ఎవరికి? ఆ రంగులు దిద్దినవాళ్ళు సీసాల్లో, సారాలో నాని రంగు విడిచిన పాముల్ని చూసి దిద్దేవాళ్ళట, తోచిన రంగు వేసేవాళ్ళట. ఎన్నో ఏళ్ళ తర్వాత పాత పుస్తకంలో చదివాను. చదివి ఏం లాభం?

బావ బెంచీ మీద కూర్చుని నవ్వాడు. "మీ అక్కతో విషప్పామనే చెప్పు బామ్మర్దీ. ఒకపూటన్నా తిట్టకుండా ఉంటాది."

టీ తెచ్చి ఇచ్చాను. పెదవి చివరినుంచి చొక్కా మీదికి కారిపోయింది.

"ఏం బావా, చిన్నపిల్లోని మాదిరి?"

"గొంతు దిగల్యా."

"నిద్ర వస్తాండాదా?"

"నిద్ర కాదప్పా. రెప్పలు ఎత్తను కావడంల్యా." వేలితో ఒక రెప్ప పైకెత్తి పట్టుకుని నా వైపు చూశాడు. నవ్వించడానికే అలా చేశాడేమో.

కేక వేశాను. డాక్టరు పరుగున వచ్చాడు, ముఖం చూశాడు, సూదిమందున్న ఐసుపెట్టె తెరవమన్నాడు. అప్పటికే బావకు మాట పోయింది. సూది దిగేసరికి ఊపిరి ఆడటం మానేసింది.

దారిలో ఎవరో చెప్పిన మాట పట్టుకుని మా అక్క నింపాదిగా వచ్చింది. బెంచీ మీద పడుకున్న మనిషిని చూసి నన్ను అడిగింది: "విషం లేనిదంట కదప్పా? మరి లేపవేమి?"