మామ చేతి పలుపు

మా మామ పోయిన ఆదివారం కన్నుమూశారు. కోడి కూసినా వరండాలో అలికిడి లేకపోవడంతోనే నాకు సంగతి తెలిసిపోయింది. ఈ నంద్యాల ఇంటికి వచ్చినప్పటినుంచి ఆయనకు కోడి కంటే వెనక మెలకువ వచ్చిన రోజు లేదు.

వయసెంతని పాస్టరుగారు అడిగితే చెప్పలేకపోయాను. ఇంట్లో ఉప్పు దగ్గరనుంచి ప్రతిదానికీ లెక్క పెట్టుకునే దాన్ని నేను. ఆయన పుట్టిన ఏడు మాత్రం నా దగ్గర లేదు. అది గుర్తుపెట్టుకోవలసిన అవసరం ఆ రోజుల్లో ఎవరికీ కలగలేదు. పంతొమ్మిదో శతాబ్దం ముగియకముందే పుట్టారనీ, రాణిబొమ్మ రూపాయలు నడిచే కాలంలోనే దూడలు కాయడం మొదలుపెట్టారనీ మాత్రం తెలుసు. శిరివెళ్లకు ఇవతల ఒక పల్లెలో, ఒకే ఆసామి ఇంట్లో, ఒకే కొట్టంలో ఆయన జీతగాడు. అంతకుముందు ఆ కొట్టంలో ఆయన తండ్రి ఉండేవాడు. పెద్ద కరువులో ఆ ఇంటివాళ్లు గంజి పోశారని పశువుల దగ్గర పనికి చేరిన మనిషి, కరువు తీరాక కూడా ఆ కొట్టం వదల్లేదు.

తండ్రి రోజు ఎట్లా గడిచేదో మామ చెబుతుంటే చాలాసార్లు విన్నాను. వేగుచుక్క పొడిచేసరికి పేడ తీసెయ్యాలి. ఎద్దులకు చొప్ప వేసి, కుడితి పెట్టి, ఆసామి లేచేలోపల కపిల బావి దగ్గర ఉండాలి. ఏటవాలు దోవలో ఎద్దులు దిగితే తోలుబాన నీళ్లతో పైకి వస్తుంది. నీళ్లు కాలువలో పడ్డాక ఎద్దులను వెనక్కి నడిపించాలి. మళ్లీ దింపాలి. పొద్దు నడినెత్తికి వచ్చాక కొట్టం మూలన నేలలో చిన్న గుంట తీసి, అందులో మోదుగాకులు పరుచుకుని కూర్చుంటే, ఆ ఇంటి ఆడమనిషి ఎత్తునుంచి అంబలి పోసేది. ఆసామి వీధిలో నడిచేటప్పుడు చెప్పులు చేతిలో ఉండాలి. సాయంత్రం మళ్లీ చొప్ప, మళ్లీ నీళ్లు. పడక ఎద్దుల నడుమనే.

పడకకు ఒక పద్ధతి ఉండేది. ఎద్దును గుంజకు కట్టే పలుపు కొసను జీతగాడు తన మణికట్టుకు చుట్టుకుని పడుకోవాలి. ఎద్దు లేచినా, దొంగ వచ్చి పలుపు ముట్టినా మెలకువ వస్తుంది. తండ్రి ముసలివాడయ్యాక ఆ కొస కొడుకు చేతికి వచ్చింది. నాకు పెళ్లయ్యేనాటికి మామ కుడి మణికట్టు చుట్టూ చర్మం గాజు తొడిగినట్టు నున్నగా, తెల్లగా ఉండేది. అదేమిటని అడిగితే, "మీ ఆడోళ్లకేనా గాజులు?" అన్నారు.

నేను మిషన్ బడిలో టీచరును. మావారూ టీచరే. మాకు ఉద్యోగాలు వచ్చాక, పిల్లలు పెద్దవాళ్లయ్యాక కూడా మామ ఆ కొట్టం విడవలేదు. ప్రతి వేసవికీ మావారు వెళ్లి రమ్మని అడిగేవారు. ప్రతి వేసవికీ ఒంటరిగా తిరిగి వచ్చేవారు. అత్త పోయినప్పుడు కూడా రాలేదు. సమాధి మీద మట్టి వేసి, ఎద్దులకు నీళ్ల వేళయిందని లేచి వెళ్లారు. నాకు కోపం వచ్చింది. మనిషికి ఏదో భయం పట్టుకుందని అనుకున్నాను.

వెట్టి మనుషులను విడిపించమని ప్రభుత్వం చట్టం చేసిన రోజుల్లో ఒక అధికారి జీపులో ఆ పల్లెకు వచ్చాడు. బాకీ కింద పని చేస్తున్నవాళ్లు ఎవరని చావడి దగ్గర ఒక్కొక్కరినీ అడిగాడు. ఆ రోజు మావారు అక్కడే ఉన్నారు. ఇప్పుడైనా తండ్రి నోరు తెరుస్తాడని ఆశపడ్డారు.

"నువ్వు వెట్టివాడివా పెద్దాయనా?" అని అధికారి అడిగాడు.

"కాదు సామీ," అన్నారు మామ. "నాకు బాకీ ల్యా."

"మరి ఇన్నేండ్లు ఒక్క ఇంట్లోనే ఎందుకున్నావు?"

"ఉంటానన్యా గదా. అందుకే."

ఆయన పేరు కొట్టేసి అధికారి జీపులో దొర్నిపాడు దిక్కుకు వెళ్లిపోయాడు. మావారు ఇంటికి వచ్చి అన్నం తినలేదు. తలుపు తీసి ఉన్నా బయటికి రాని మనిషిని ఎట్లా తెచ్చేదని నన్ను అడిగారు.

చివరికి ఆయన్ను బయటికి పంపింది ట్రాక్టరు. ఆసామి చనిపోయాక ఆయన కొడుకు సేద్యం చేతికి తీసుకుని ట్రాక్టరు కొన్నాడు. మిగిలిన ఒక్క జత ఎద్దులనూ కోయిలకుంట్ల నుంచి వచ్చిన బేరగాడికి ఇచ్చేశాడు. మన వైపు పశువును అమ్మేవాళ్లు దానితో పలుపు ఇవ్వరు. విప్పి ఇంట్లోనే ఉంచుకుంటారు. కొన్నవాడు తన పలుపు తెచ్చుకుని కట్టుకుపోవాలి. పలుపు ఉన్న ఇంటికి మళ్లీ పశువు వస్తుందని నమ్మకం. పలుపుతో సహా ఇచ్చేస్తే ఆ పశువుతో, అసలు పశువులతోనే సంబంధం తెగిపోయినట్టే. ఆ రోజు కూడా బేరగాడు కొత్త పలుపులు కట్టి ఎద్దులను తోలుకుపోయాడు. పాత పలుపు ఒకటి మామ చేతిలో ఉండిపోయింది.

ఆసామి కొడుకు మంచివాడే. వాళ్ల నాయన మామను "ఒరేయ్" అని పిలిస్తే, ఇతను "తాతా" అనేవాడు. "ఇంక కొడుకింటికి పోయి సుఖంగా ఉండు తాతా" అని కొత్త పంచె ఇచ్చాడట. పలుపు ఎక్కడ పెట్టేదని మామ అడిగితే, ఆ యువకుడు దాన్ని చుట్టచుట్టి ఆయన భుజానికే తగిలించి, "ట్రాక్టరుకు పలుపెందుకు తాతా? నువ్వే తీస్కపో" అని నవ్వాడట.

ఆయన దాన్ని భుజాన వేసుకునే నంద్యాల బస్సెక్కారు. మావారు పక్కనే ఉన్నారు. కండక్టరు పలుపు చూసి, "ఏం తాతా, ఎద్దు యాడ? దానికీ టికెట్టు కొట్టాల్నా?" అన్నాడు. బస్సంతా నవ్వింది.

"ఎద్దును విప్పి పంపిన్యారు నాయనా," అన్నారు మామ. "నన్ను పలుపుతోనే పంపిన్యారు. ఒక టికెట్టే కొట్టు."

మా ఇంట్లో దేనికైనా వేళ ఉంటుంది, స్థలం ఉంటుంది. ఆయనకు వరండాలో నవారు మంచం, గోడకు ఒక కొయ్య, కంచం, చెంబు ఏర్పాటు చేశాను. వచ్చిన మర్నాడు ఏడింటికి కంచంలో జొన్నరొట్టె, పప్పు పెట్టి బడికి వెళ్లిపోయాను. ఒంటిపూట బడి. మధ్యాహ్నం వచ్చేసరికి రొట్టె ఎండిపోయి ఉంది. కంచం ముందు ఆయన అట్లాగే కూర్చుని ఉన్నారు.

"ఏం మామా, బాగలేదా?"

"తినమని ఎవురూ అన్ల్యా గదమ్మా."

ఈ ఇంట్లో అట్లాంటి నియమం లేదు, ఆకలైతే తినాలి అని గట్టిగానే చెప్పాను. ఆయన తల ఊపారు. మరుసటి పూటా అదే జరిగింది. ఒక వారం పోరాడి ఓడిపోయాను. అప్పటినుంచి కంచం పెట్టి, "తినండి మామా" అన్నాకే కదిలేదాన్ని. పెళ్లికో ఇన్‌స్పెక్షనుకో వెళ్లవలసి వస్తే పక్కింటావిడకు చెప్పి వెళ్లేదాన్ని. ఆవిడ గోడమీదినుంచి "తిను తాతా" అని కేక వేసేది. ఇంత చదువుకున్న ఇంట్లో ఇదేం ఆచారమని ఆవిడ నన్ను ఎగతాళి చేసేది. చేస్తే చేసింది.

చెప్పుల సంగతీ అంతే. బజారునుంచి వస్తూ మా వీధి మలుపు రాగానే వంగి చెప్పులు చేతికి తీసుకునేవారు. మన వీధే గదా మామా అంటే, "వీధి నీదేలేమ్మా. కాళ్లు పాతవి," అనేవారు.

మూడోరోజో నాలుగోరోజో పొద్దున కాఫీ తీసుకుని వెళితే ఆయన మణికట్టుకు పలుపు చుట్టి ఉంది. రెండో కొస మంచం కోడుకు కట్టి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇక్కడ కట్టెయ్యడానికి ఏమీ లేదని, ఇది కొట్టం కాదని చెప్పి, పలుపు విప్పి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ రోజునుంచి ఆయనకు నిద్ర కరువైంది. పగలు గోడకు ఆనుకుని కునికేవారు, ఉలిక్కిపడి లేచి కుడిచెయ్యి తడుముకునేవారు. కళ్లు లోపలికి పోయాయి. ఒక మధ్యాహ్నం నేను పలుపు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టి, పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

"ఇస్తాను. ఎందుకు కట్టుకుంటారో చెప్పాలి. అలవాటని మాత్రం చెప్పకండి."

ఆయన పలుపు కొసను వేలికి చుట్టుకుని విప్పారు. తర్వాత చెప్పారు. మావారికి ఎనిమిదేండ్లు వచ్చినప్పుడు పెద్ద ఆసామి పిల్లవాణ్ని దూడల దగ్గరికి పంపమన్నాడట. అది వింత కాదు, తండ్రి వెనక కొడుకు రావాలి. మిషన్ దొరసాని నంద్యాల బోర్డింగులో పిల్లవాణ్ని చేర్చుకుంటానని అప్పటికే చెప్పి ఉంది. మామ ఆసామి ముందుకు పోయి నిలబడ్డారట.

"వానికి కట్టాల్సిన పలుపు గూడా నాకే కట్టుమన్యా. నేను నడిసేంత కాలం, మీ కొట్టంలో ఎద్దుండేంత కాలం యాడికీ పోను, వాన్ని మాత్రం ఇడ్సమన్యా. ఆయప్ప సరే అన్యాడు. మాట నిలబెట్టుకున్యాడమ్మా, మల్లా వాన్ని అడగల్యా. ఆయప్ప నిలబెట్టుకున్యాక నేనెట్ల తప్పేది?"

తలుపు దగ్గర చప్పుడైంది. మావారు ఎప్పుడు వచ్చారో, గడప మీద నిలబడి ఉన్నారు. ఎనిమిదేండ్లప్పుడు తండ్రి భుజమెక్కి నల్లరేగడి చేల మీదుగా నంద్యాల వచ్చిన రోజు ఆయనకు గుర్తుంది. ఈ మాట సంగతి మాత్రం ఇప్పుడే తెలిసింది. ఆయన లోపలికి వెళ్లి ముఖం కడుక్కున్నారు.

"ఇప్పుడు ఎద్దుల్లేవు గదా మామా. మాట తీరిపోయింది గదా," అన్నాను.

"మాట తీరిందని నాకు తెల్సు. చేతికి తెల్దు," అన్నారు. వంగి అరికాళ్లు తడుముకున్నారు. "కపిల దోవలో ఎంత నడిసినా ఊరు రాదమ్మా. అట్ల నడిసిన కాళ్లను రోడ్డు మీదికి తెస్తే అవి యాడికి పోతాయి?"

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. పలుపు కట్టుకోవచ్చు, కానీ గట్టిముడి కాదు, లాగితే ఊడిపోయే జారుముడి. ఆయన జారుముడి వేసి, లాగి చూపించి, "ఎద్దు గూడా నవ్వుతాది ఈ ముడికి" అన్నారు. ఆ రాత్రినుంచి నిద్రపోయారు. పొద్దున నేను కాఫీతో వెళ్లి ముడి లాగేదాన్ని. కోడి కూతకే మేలుకుని మంచం మీద కదులుతున్నా, అప్పుడుగానీ లేచి కూర్చునేవారు కాదు.

పోయిన వానాకాలంలో జ్వరం వచ్చి కొంచెం తేరుకున్నాక, ముడి లాగుతున్న నా చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మా, నన్ను పంపేటప్పుడు పలుపు ఈడ్నే పెట్టుకో. ఎద్దుకు చేసినట్ల చెయ్యి."

సరే అన్నాను.

ఆదివారం మధ్యాహ్నానికల్లా ఆసామి కొడుకు వచ్చాడు. ట్రాక్టరు తొట్టెలో చాపలు పరిచి, పూలు తెచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మా ఇంటి మనిషి టీచరమ్మా. మా చేను గట్టున పెట్టుకుంటాం, సమాధి నేనే కట్టిస్తా. మా నాయన ఉంటే ఇదే చేసేవాడు," అన్నాడు. మంచి మనసుతోనే అడిగాడు. అత్త సమాధి కూడా ఆ ఊళ్లోనే ఉంది. మావారు కాదనలేక నా వైపు చూశారు. ఆ ట్రాక్టరు తొట్టె వెనక పలక తీసి ఉంది. ఇంకొక్క మాట ఆలస్యమైతే మామ మళ్లీ ఆ చేనికే వెళ్లిపోతారు.

నేను లోపలికి వెళ్లి పలుపు తెచ్చి అతనికి చూపించాను.

"ఇది ఎవరి కొట్టంలోది నాయనా?"

"మాదే."

"పశువును పంపితే పలుపు ఎవరి దగ్గర ఉండాలి?"

అతను తల వంచుకున్నాడు. "ఇచ్చినోళ్ల దగ్గర."

"మీ దగ్గర ఉండి ఉంటే నేను ఎదురు మాట్లాడేదాన్ని కాను. ఆయన భుజాన మీరే తగిలించి పంపారు. ఈసారి ఆయన్ను పంపేది మేము. పలుపు మా ఇంట్లో ఉంటుంది."

అతను పలుపు కొసను ముట్టి చూశాడు. "నిజమే టీచరమ్మా. తెలీక ఇచ్చినా," అన్నాడు. తర్వాత తువ్వాలు తలకు చుట్టుకుని, పెట్టె మోసేవాళ్లలో ముందు తానే నిలబడ్డాడు. నంద్యాల సమాధుల తోట దాకా భుజం మార్చుకోలేదు.

అంతకుముందు ఇంట్లో పెట్టె మూసేటప్పుడు మావారు పలుపు తెచ్చి తండ్రి పక్కన పెట్టబోయారు. ఆయనదంటూ మిగిలింది ఇదొక్కటే గదా అన్నారు. నేను మావారి చేతిలోంచి తీసుకున్నాను. మామ కుడిచెయ్యి ఎడమ చేతి మీద, చొక్కా పొడుగుచేతుల కింద ఉంది. తెల్ల గాజు కనపడలేదు.

పలుపు ఇప్పుడు వరండాలో కొయ్యకు వేలాడుతోంది. పొద్దున కాఫీ తీసుకుని అలవాటుగా అటే వెళుతున్నాను. ఆ రోజు ముడి లాగకుండానే ఆయన చేతినుంచి జార్చి తీసిన ఆ కొస ఇంకా విప్పుకోలేదు. ఒక మణికట్టు పట్టేంత గుండ్రంగా, లాగడానికి ఎవరైనా వస్తారన్నట్టు, జారుముడితో అట్లాగే ఉంది.