స్కోర్‌బోర్డు మీద రెండు నిమిషాలు

అమెరికాలోని ట్రాయ్‌లో మంచుకన్నా ముందు లేఆఫ్ మెయిళ్లు కురిసిన రోజులవి. ఆ రోజుల్లో మా అపార్ట్‌మెంట్‌లో సంతోషమంటే శనివారం పొద్దున టీవీలో వచ్చే సాకర్, అంటే మన ఫుట్‌బాల్, ఒక్కటే. నా రూమ్మేట్‌ది వరంగల్. కాలేజీ జట్టులో గోల్‌కీపర్‌గా ఆడాడు కాబట్టి అందరికీ కీపరన్న. టీ కప్పు పట్టుకుని కూర్చుని, “గిది ఆటంటే తమ్మీ! నలభై అయిదు నిమిషాలంటే నలభై అయిదే. నడుమ యాడ్లు లేవు. వీళ్ల ఫుట్‌బాల్ ఏంది? అయిదు సెకన్లు గుద్దుకునుడు, అయిదు నిమిషాలు మీటింగు” అనేవాడు. నేను గట్టిగా తలూపేవాణ్ణి. (అమెరికన్ ఫుట్‌బాల్ నేను ఒక్కసారీ పూర్తిగా చూడలేదు. తిట్టడానికి అంత అవసరమనిపించలేదు.)

నవంబరులో కీపరన్న ఉద్యోగం పోయింది, దాని వెంటే వీసా. ఆదివారం సాయంత్రం ఏడింటికి ఫ్లైట్, నాలుగింటికల్లా ఇంట్లోంచి బయల్దేరాలి. ఆయన కారు అప్పటికే అమ్మేశాడు కాబట్టి ఎయిర్‌పోర్ట్‌లో నేనే దింపుతానన్నాను. సరిగ్గా ఆ ఆదివారానికే మా మేనేజర్ టీమ్ మొత్తానికి ఫుట్‌బాల్ టికెట్లు తెచ్చాడు. రానంటే తర్వాతి లేఆఫ్ లిస్టులో నా పేరుంటుందేమోనని భయం. ఒంటిగంటకి మొదలయ్యే ఆట మూడింటికల్లా అయిపోదా అని సాకర్ లెక్క వేసుకుని వెళ్లాను.

మూడున్నరకి కూడా ఆట సాగుతూనే ఉంది. వరస మధ్యలో, మేనేజర్ పక్కన ఇరుక్కుని ఉన్నాను. నాలుగవుతుండగా ఫోన్ మోగింది. “తమ్మీ, వస్తున్నవా? టాక్సీ పిల్వనా?” స్కోర్‌బోర్డు చూశాను. “రెండు నిమిషాలే ఉందన్నా. అవగానే బయల్దేరతా, పిలవొద్దు!” అన్నాను. ఆ తర్వాత బంతి ఒకసారి కదిలింది, గడియారం ఆగింది. టైమవుట్. మళ్లీ కదిలింది, మళ్లీ ఆగింది. ఇద్దరు మనుషులు గొలుసు తెచ్చి నేల కొలిచారు. “జస్ట్ టూ మినిట్స్, బడ్డీ!” అని మేనేజర్ నా వీపు తట్టాడు. ఆ రెండు నిమిషాలూ పాతిక నిమిషాలు నడిచాయి. లేచి వెళ్లిపోయే ధైర్యం నాకు లేకపోయింది.

పార్కింగ్ లాట్‌లో ఉండగా మళ్లీ ఫోన్ వచ్చింది. “పరేషాన్ గాకు తమ్మీ, టాక్సీలో ఉన్న.” ఇంటికెళితే మూడు సూట్‌కేసులూ తనే మెట్లు దింపుకుని వెళ్లాడని అర్థమైంది. నాకోసం ఫ్లాస్క్‌లో టీ ఉంది. అది తాగుతూ ఏడ్చాను. (మరో రెండు వారాలకి లిస్టు వచ్చింది. అందులో మొదటి పేరు మా మేనేజర్‌ది.)

ఇప్పటికీ పెద్ద సాకర్ మ్యాచ్ ఉన్న రోజున కీపరన్న వరంగల్ నుంచి ఫోన్ చేస్తాడు, ఇద్దరం కలిసి చూస్తాం. మొన్న మ్యాచ్ చివర్లో ఆయనింట్లో కరెంటు పోయింది. “ఇంకెంతుంది తమ్మీ?” అన్నాడు. “రెండు నిమిషాలన్నా” అన్నాను. మెల్లగా, “సాకర్ నిమిషాలేనా?” అని అడిగాడు. నవ్వాను. మ్యాచ్ అయిపోయాక కూడా ఆయన పెట్టేసేదాకా ఫోన్ పెట్టలేదు.